గుడ్డి దండు

ఏలియా అట్టపెట్టెను భోజనాల బల్ల మీద పెట్టి మూత తీసినప్పుడు, అందులో ఉన్నవి వలలకు కట్టే సీసపు గుండ్లనుకుంది ప్రమీల. బాపట్ల దగ్గర పుట్టి పెరిగిన మనిషికి సీసం అనగానే ముందు గుర్తొచ్చేది అదే. వంగి చూస్తే ఒక్కోదానికీ ముక్కూ చెవులూ ఉన్నాయి. బొటనవేలంతేసి మనుషులు. మనుషులని కూడా అనలేం. గబ్బిలం చెవులు, వేలాడే ముక్కులు, చేతుల్లో ఈటెలు.

"గాబ్లిన్లంటారు వీటిని. ఇంగ్లీషువాళ్ళ కథల్లో వచ్చే దయ్యాల జాతి. ఈ ఇరవై కలిస్తే ఒక దండు," అన్నాడు ఏలియా.

"ఎవరివి?"

"అశ్వత్థప్ప సార్‌వి. ట్రైనింగుకి ఇంగ్లండు వెళ్ళినప్పుడు పెట్టెలకు పెట్టెలు తెచ్చుకున్నాడు. శనివారాలు మేం ఆడేది వీటితోనే."

ఏలియా బెంగళూరులో ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. అశ్వత్థప్ప ఆ సెక్షనుకు పై అధికారి. శనివారం సగం పూట పని అయ్యాక రిక్రియేషన్ హాల్లో టేబుల్ టెన్నిస్ బల్ల మీద పచ్చ దుప్పటి పరిచి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేసుకుంటూ వాళ్ళు యుద్ధాలు ఆడేవారు. పై అధికారి ఆట కాబట్టి ఏలియాకు ఒక్క శనివారం కూడా జ్వరం రాలేదు.

"రంగులు ఎవరివి వాళ్ళే వేసుకోవాలట. ఇరవయ్యారో తారీకు కాలనీలో హాబీ ఎగ్జిబిషన్ పెడుతున్నారు, అందులో మా బల్ల కూడా ఉంటుంది. గీతలు గీయమంటే గీస్తాను గానీ, బ్రష్షు నా చేతికి రాదని నీకు తెలుసుగా. వేసిపెట్టు."

ప్రమీల ఒక బొమ్మను తీసి వెలుతురులో తిప్పింది. ఆమె గుంటూరులో బి.ఎస్సీ. బాటనీ చదివింది. ఆకు అడుగుభాగం, కాండం అడ్డుకోత, పువ్వు నిలువుకోత, అన్నీ పెన్సిలుతో గీసేది. నీడ చూపించాలంటే చుక్కలే పెట్టాలి, వేలితో పులమకూడదు. పులిమితే మేడమ్ కాగితం చించి మళ్ళీ వేయమనేది. ప్రమీల కాగితం మాత్రం ఎప్పుడూ చించలేదు. పెళ్ళయ్యాక ఆ చేతులకు చుక్కలు పెట్టే పనే లేకపోయింది. క్రైస్తవుల వాకిట్లో ముగ్గు కూడా ఉండదు.

"అక్కడ పక్కన పేర్లు పెడతారా?" అని అడిగింది.

"పెడతారు. చిన్న అట్టముక్క మీద రాసి నిలబెడతారు."

"నా పేరు రాయండి అయితే."

ఏలియా చూపు గోడగడియారం మీదకు పోయింది. జవాబు చెప్పడం ఇష్టం లేని ప్రశ్న ఎదురైతే ఆయన చూపు అక్కడికే పోతుంది. "రూలు ఒప్పుకోదనుకుంటా ప్రమీలా. ఉద్యోగుల పేర్లే ఉండాలి. అయినా కనుక్కుంటాలే."

పెళ్ళయ్యాక ఆమె పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా ఎక్కలేదు. కనుక్కుంటానన్నాడు కదా అనుకుని ఆమె పనిలోకి దిగింది.

బ్రష్షుల కోసం తనే బస్సెక్కి చిక్కపేట వెళ్ళింది. రంగుల దుకాణం చిక్కమునియప్ప ఎంత సన్నది చూపించినా ఇంకా సన్నది కావాలంది.

"ఏమమ్మా, చీమలకి కాటుక పెడతావా ఏమి?" అన్నాడాయన. "ఇంతకంటే సన్నది యాడ ఉండాది? దేవుళ్ళ బొమ్మలకి కండ్లు రాసేవాళ్ళు కూడా దీన్నే తీసకపోతారు."

"నాకూ కళ్ళు రాయడానికే."

"ఏ దేవుడికమ్మా?"

"దేవుడైతే కాదు," అంది ప్రమీల నవ్వుతూ. ఆయన కూడా నవ్వి, కొత్త సంవత్సరం క్యాలెండరు ఒకటి చుట్టి ఇచ్చాడు.

ఇంటికి రాగానే అత్తగారు మరియమ్మ ఆ క్యాలెండరు విప్పి, పైనున్న లక్ష్మీదేవి పటాన్ని కత్తెరతో కత్తిరించి, తారీకుల కాగితాలు మాత్రం మేకుకు తగిలించింది. ఏటా జరిగేదే. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు దగ్గరకు వచ్చినా ఆసుపత్రి వార్డులాగే ఇల్లు నడవాలనుకునేది. ఆమె ఇంజక్షను చేస్తే సూది దిగినట్టే తెలియదని రోగులు చెప్పుకునేవారట. ఆ మాట ఇప్పటికీ నెలకోసారైనా చెప్పుకునేది.

ఏలియా ఫ్యాక్టరీ బస్సెక్కాక, పొయ్యి ఆరాక, ప్రమీల కిటికీ దగ్గర కూర్చునేది. ఖాళీ దారపు రీళ్ళ మీద కొవ్వొత్తి మైనంతో ఒక్కో బొమ్మనూ నిలబెట్టింది. అచ్చు అతుకుల దగ్గర మిగిలిన సీసాన్ని గోళ్ళ ఆకురాయితో అరగదీసింది. ముందు తెలుపు పూత. డబ్బాలో ఆకుపచ్చ మరీ పచ్చిగా ఉందని పసుపూ బూడిదరంగూ కలిపి, చామాకు వెనకవైపు ఉండే రంగు తెచ్చింది. ఇటుకపొడి మెత్తగా నూరి వార్నిష్‌లో కలిపి ఈటెల మొనలకు తుప్పు పట్టించింది. చెంపల కింద నీడకు చుక్కలే పెట్టింది. అంత చిన్న చెంప మీద చుక్కలు ఎవరికీ విడిగా కనబడవు. చెంప గుంటపడినట్టు కనబడుతుంది, అంతే.

కళ్ళు ఆఖరికి మిగిల్చింది. చిక్కపేట బ్రష్షులో నాలుగు వెంట్రుకలు ఉంచి తక్కినవి కత్తిరించేసింది. తెల్లటి గీత, దాని మీద నల్లటి చుక్క. ఆ చుక్క రవ్వంత పక్కకు జరిగితే చూపే మారిపోతుందని మూడో బొమ్మ దగ్గర కనిపెట్టింది. ఇక అక్కడినుంచి ఆమెకు తెలిసిన వాళ్ళందరూ వచ్చి ఆ ముఖాల్లో చేరారు. కిరోసిన్ కొలిచేటప్పుడు కొలపాత్ర కాక మన ముఖం చూసే రేషన్ షాపువాడు. తీగ మీద ఎవరి బట్టలు ఎన్ని ఆరేశారో చూసుకునే ఇంటి ఓనరమ్మ. పాటలో తప్పు పాడినవాళ్ళను కంటికొసతో పట్టుకునే చర్చి గాయకబృందం లీడరు. ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి ఎవరెవరు కళ్ళు తెరిచారో చూసే మరియమ్మ.

ముందు నడిచే జెండా మోసేవాడికి కనుబొమల దాకా ఇనప టోపీ ఉంది. దాని కింద కళ్ళు రాయడానికి ఆమె ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. రాశాక చూస్తే వాడి చూపు పక్కకు, కాస్త పైకి పోయింది, గోడగడియారం ఉండే చోటికి. ఆమె అలా రాయాలని రాయలేదు. ఒక్కతే కూర్చుని చాలాసేపు నవ్వుకుంది.

ఏలియా వచ్చి చూసి, "అబ్బో!" అన్నాడు. "బాగున్నాయి. కానీ కళ్ళకు ఇంత కష్టం ఎందుకు? బల్ల మీద పెట్టాక కళ్ళెవరికి కనబడతాయి?"

"నా పేరు సంగతి కనుక్కున్నారా?"

"రూలు అదేనట. ఉద్యోగులకే."

ఆమె దుమ్ము పడకుండా దండును హాల్లో షోకేసులో, గాజు గ్లాసుల ముందు వరుసగా నిలబెట్టింది.

ఎగ్జిబిషన్ ఆదివారం. ముందు శుక్రవారం సాయంత్రం ఆ ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక వచ్చింది. చాపల మీద అందరూ కూర్చున్నాక పాస్టరుగారి భార్య షోకేసు వైపు చూసి, "మరియమ్మగారూ, మీ ఇంట్లో దయ్యాలకు కూడా అద్దాల మేడ కట్టించారే!" అంది. తమాషాకే అంది. అందరూ నవ్వారు. మరియమ్మ నవ్వలేదు. ఆ రోజు ఆమె ప్రార్థన పొట్టిగా ముగిసింది.

శనివారం పొద్దున ప్రమీల కిరోసిన్ క్యూకి వెళ్ళి వచ్చేసరికి, మరియమ్మ కిటికీ దగ్గర కోడలి కుర్చీలోనే కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు మీదకు దిగి ఉంది. ఒళ్ళో తెల్ల తువ్వాలు, చేతిలో లావుపాటి సూది, పక్కన గిన్నెలో దూది. చివరి బొమ్మ ముఖాన్ని దూదితో అద్ది, తక్కినవాటి పక్కన పెట్టింది, ఇంజక్షను చేసి చెయ్యి తుడిచినట్టు.

"అయిపోయింది," అంది. "కళ్ళొక్కటే తీసేశాను. మిగతాదేమీ ముట్టుకోలేదు. చూసుకో."

ప్రమీల కిరోసిన్ డబ్బా కింద పెట్టడం మరిచిపోయింది. "అత్తయ్యా, రేపే కదా..."

"రేపు తీసుకెళ్ళండి, వద్దన్నానా? బొమ్మలుంటే ఉండనీ, సీసం సీసమే. కళ్ళు పెడితే మాత్రం అవి చూస్తాయమ్మాయ్. నిన్న ప్రార్థనలో తలెత్తానా, అందులో ఒకటి అచ్చం నాలాగే చూస్తోంది నన్ను. నా ఒళ్ళు జలదరించిందనుకో."

ఆ ముక్కకు ఏడవాలో పొంగిపోవాలో ప్రమీలకు తెలియలేదు. ఇరవై ముఖాల్లో తను ఎవరిని పెట్టిందో గుర్తుపట్టిన మనిషి లోకంలో ఈమె ఒక్కతే. గుర్తుపట్టి పొడిచేసింది.

ఎగ్జిబిషన్ ముందురోజని ఆట లేక, ఏలియా మధ్యాహ్నమే వచ్చాడు. చూశాడు. తల్లిని ఒక్క మాట అనలేదు. ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది, అయినా అనలేదు.

"షోకేసులో ఎవరు పెట్టమన్నారు నిన్ను? ఏ ట్రంకుపెట్టెలోనో దాచుకోవాలన్న బుద్ధి లేదూ? అశ్వత్థప్ప సార్‌కి ఏ ముఖం చూపించను? ఆయన బొమ్మలివి! నా పేరు పెట్టుకుని వీటి పక్కన నిలబడితే సెక్షనంతా నవ్వదూ?" కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత గొంతు మెత్తబడింది. "సరే పోనీ. నీ పేరే రాస్తాను. నువ్వే అడిగావుగా."

"రూలో?"

"రూలు సంగతి నేను చూసుకుంటాలే."

ఆ పేరు ఇప్పుడు ఎందుకు పనికొస్తుందో ప్రమీలకు బాగా అర్థమైంది. అర్థమయ్యే, "రాయండి," అంది.

ఏలియా జేబులో ముందే రాసి పెట్టుకున్న అట్టముక్క ఒకటుంది, తన పేరుతో. దాన్ని జేబులోనే ఉంచి, మరో ముక్క కత్తిరించి, ఆఫీసులో గీతలు గీసే రోట్రింగ్ పెన్నుతో రాశాడు. రంగులు: కె. ప్రమీల, బి.ఎస్సీ. ఆయన అక్షరాలు ఎప్పుడూ అందంగానే ఉంటాయి.

పేరు పడ్డాక దండును అలా పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. మళ్ళీ కళ్ళు రాద్దామని చూసింది. సూది మెత్తటి సీసంలోకి దిగి గుంటలు చేసింది. తెలుపు పెడితే గుంటలో నిండి చెంప మీదకు కారింది. తుడిచేసి, కాసేపు గుంటలనే చూస్తూ కూర్చుంది. లోపల కొత్త సీసం తళుక్కుమంటోంది. ఆ తళుకు ఉన్నంతసేపూ అవి సూది గీతలే, కళ్ళు పోయిన గుంటలు కావు. గోధుమరంగులో నలుపు కలిపి, టర్పెంటైన్‌తో పల్చన చేసి, ఒక్కో గుంటలో ఒక్కో బొట్టు వదిలింది. రంగు అంచులకు పాకి లోపలికి ఇంకింది. అప్పుడా ముఖాలు మారాయి. ఎవరో పాడుచేసినట్టు లేవు. పుట్టుగుడ్డివాళ్ళలా ఉన్నాయి.

గుడ్డివాళ్ళయితే దేన్నో ఒకదాన్ని పట్టుకుని నడవాలి. ప్రమీల కుట్టుడబ్బాలోంచి నల్ల దారం తీసి, వెనకవాడి పిడికిలి నుంచి ముందువాడి పిడికిలికి చుడుతూ వరుసంతా కలుపుకొచ్చింది. జెండావాడి నడుముకు ముడి వేయబోతూ ఆగిపోయింది. వాడికి కళ్ళున్నాయి. టోపీ అంచు కింద అత్తగారి చూపు ఆనలేదు. చూపు పక్కకు, కాస్త పైకి. ఆమె ముడి వేసింది. పందొమ్మిదిమంది గుడ్డివాళ్ళు ఆ ఒక్కడి వెనక నడుస్తున్నారు.

ఆదివారం చర్చి అయ్యాక కాలనీ హాలుకు వెళ్ళారు. తపాలాబిళ్ళలు, గులాబీలు, అగ్గిపుల్లలతో కట్టిన విధానసౌధ. ఏలియా తమ బల్ల మీద దండును నిలబెట్టి, ప్రమీల పేరున్న అట్టముక్క ముందు పెట్టి, తాను మాత్రం నాలుగడుగుల దూరంలో, తనకేమీ సంబంధం లేనట్టు నిలబడ్డాడు.

టీ బల్ల దగ్గరికి వెళ్తూ ప్రమీల పక్క బల్లలు చూసుకుంటూ పోయింది. ఊలుతో అల్లిన నెమలి ముందు అట్టముక్క మీద: శ్రీమతి పిల్లమ్మ, జయరామప్ప గారి భార్య. ఇంకో రెండు బల్లల అవతల పూలసజ్జ ముందు మరో ఆడపేరు. ఆమె ఆగి రెండోసారి చదివింది. టీ తీసుకుంది.

అప్పుడే అశ్వత్థప్ప ఇద్దరు న్యాయనిర్ణేతలను వెంటబెట్టుకుని వచ్చాడు. బల్ల ముందు వంగి, "అరె!" అన్నాడు. "కండ్లు లేవు కదప్పా వీళ్ళకి! చూడండి సార్, దారం పట్టుకోని పోతా ఉండారు. గుడ్డి దండు! ఇన్నేండ్లుగా ఆడతా ఉండాను, ఇట్లాంటిది ఇంగ్లండులో కూడా చూడలే. ఏమప్పా ఏలియా, ఎవరి ఐడియా ఇది?"

నాలుగడుగుల దూరం ఒక్క అంగలో తరిగిపోయింది.

"నాదే సార్," అన్నాడు ఏలియా. "యుద్ధమంటేనే గుడ్డితనం కదా అనిపించి..."

"శభాష్! తల అంటే ఇది! డ్రాయింగులు గీసే తల కాదప్పా నీది!"

న్యాయనిర్ణేతలు ముందు అన్నీ చూసి, పేర్లు రెండో విడతలో రాసుకుంటామని పక్క బల్లకు జరిగారు. ప్రమీల కప్పు పెదవుల దగ్గరే పట్టుకుని చూస్తోంది. ఏలియా బల్లకు ఆనుకున్నాడు. మోచెయ్యి అట్టముక్క మీద పడింది. మోచెయ్యి లేచేసరికి అది బోర్లా పడి ఉంది. దాన్ని దుప్పటి కిందకు తోసి, జేబులోంచి రెండోది తీసి నిలబెట్టాడు. అక్షరాలు అదే అందం.

ఆ తర్వాత ఆయన తల తిప్పి భార్య ఎక్కడుందో చూశాడు. టీ బల్ల దగ్గర కనబడింది. వెంటనే చూపు పక్కకు, కాస్త పైకి పోయింది. ఆ హాల్లో అక్కడ గడియారం కూడా లేదు.

మొదటి బహుమతి ప్రెషర్ కుక్కరు. ఏలియా వేదిక ఎక్కి అందుకున్నాడు. అశ్వత్థప్ప మైకులో, "కుక్కరు మాత్రం మేడమ్‌కి ఇచ్చేయప్పా, ఇన్ని దినాలు నిన్ను బొమ్మలతో ఆడుకోనిచ్చినందుకు!" అంటే హాలంతా గొల్లుమంది. కిందకు దిగాక ప్రమీలను చూసి, ఆయన మర్యాదగానే అడిగాడు. "ఏమమ్మా, నిజం చెప్పు. ఈ గుడ్డి దండు ఐడియా ఈయనకి ఎట్ల వచ్చింది?"

"మా అత్తయ్య సూదితో కళ్ళు పొడిచేశారండీ," అంది ప్రమీల. "గుంటల్లో రంగు నేను నింపాను. దారం కూడా నేనే కట్టాను."

అశ్వత్థప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. అందరికంటే పెద్దగా ఏలియా నవ్వాడు. "మీ ఇంటామె ఘాటుగానే ఉండాదే అప్పా!" అని ఆయన ఏలియా భుజం తట్టి, మరో అట్టపెట్టె అతని చేతిలో పెట్టాడు. తోడేళ్ళ మీద సవారీ చేసే గాబ్లిన్లట. వచ్చే నెలకు కావాలట.

బస్సులో ఏలియా కుక్కరు ఒళ్ళో పెట్టుకుని అన్నాడు. "వాళ్ళే పేరు మార్చమన్నారు ప్రమీలా. ఒక్క బల్లకి ఒక్క పేరే ఉండాలట. నువ్వేం మనసులో పెట్టుకోకు. ఈ తోడేళ్ళకు కూడా ఏదో ఒకటి ఆలోచించు, అలాంటిదే."

ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. నిన్న మధ్యాహ్నం "రాయండి" అన్న మాట తన నోటి నుంచే వచ్చింది. ఆ పేరు ఎందుకు ఇస్తున్నాడో తెలిసి కూడా చెయ్యి చాచింది. ఆ మాట లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

సోమవారం ఏలియా వెళ్ళాక మరియమ్మ కొత్త కుక్కరు బొక్కెనలో ముంచి కడుగుతూ, "బాగా మెచ్చుకున్నారట కదా," అంది. "దేవుని పని అలాగే ఉంటుంది. కళ్ళుంటే ఇచ్చేవాళ్ళా?"

"ఇచ్చేవాళ్ళు కాదత్తయ్యా."

తోడేళ్ళ పెట్టె బల్ల మీద ఉంది. ప్రమీల దాని మూత తీయలేదు. బిస్కెట్ డబ్బాలో దూది మధ్య పడుకోబెట్టి తెచ్చిన దండును బయటకు తీసింది. కుట్టుడబ్బాలోంచి అత్తగారి లావుపాటి సూది తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. జెండావాడిని వెలుతురుకు తిప్పి, టోపీ అంచు కిందకు సూదిమొన పోనిచ్చింది.

మరియమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ దగ్గరకు వచ్చింది. "ఒకటి మిగిలిపోయిందా?"

"ముందు నడిచేవాడు. మీకు కనబడకుండా దాక్కున్నాడు."

మరియమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "అలా నిలువుగా కాదమ్మాయ్, చెంప గీసుకుపోతుంది. సూది పడుకోబెట్టి పట్టుకో. ఊ, అలా. ఇప్పుడు మెల్లగా తిప్పు."

ప్రమీల సూది పడుకోబెట్టి మెల్లగా తిప్పింది. ముందు ఒకటి, తర్వాత రెండోది. చెంప మీద పెట్టిన చుక్కల్లో ఒక్కటి కూడా చెదరలేదు.